ఎనిమిది అక్షరాల చోటు

మొన్న సంతోష్‌నగర్‌లో మా సందు చివర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణానికి వెళ్లాను. నెల రోజులుగా నా ఫోను మొరాయిస్తోంది. ఒకటి నొక్కితే ఇంకొకటి తెరుచుకోవడం, కాసేపయ్యాక ఏదీ తెరుచుకోకపోవడం, చివరికి వేడెక్కి నిద్రపోవడం. నాకు ఫోను చేసేవాళ్లూ తక్కువే, నేను చేసేవాళ్లూ తక్కువే కాబట్టి చాలా రోజులు పట్టించుకోలేదు. దుకాణం అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్ల మెమరీ తక్కువుంది అమ్మా. ఇప్పటి సిస్టమ్ దీనికి బరువైతున్నది. లైట్‌ది ఒకటి ఉంటది, ఎక్కియ్యాల్నా?" అని అడిగాడు. నాకు నవ్వాగలేదు. అతను నొచ్చుకున్నట్టున్నాడు, "మజాక్ కాదమ్మా, నిజంగనే ఉంటది" అన్నాడు. ఉంటుందని నాకు తెలుసు నాయనా, అది ఎక్కించడం కోసం ఇద్దరు పెద్దమనుషులు ఆదివారం మధ్యాహ్నాలు అన్నం చల్లారబెట్టుకుని కొట్లాడుకోవడం కళ్లారా చూసినదాన్ని, అని చెప్పాలనిపించింది. అతని ముందు బల్ల మీద ఇంకా బోలెడు ఫోన్లు పొట్టలు విప్పుకుని పడున్నాయి. నా కథ వినే తీరిక అతనికి ఎక్కడిది? ఎక్కించమని చెప్పి బయట స్టూలు మీద కూర్చున్నాను. కూర్చున్నంత సేపూ మా చిన్నాయనే గుర్తొచ్చాడు.

చిన్నాయన అంటే మా బాపు తమ్ముడు. ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఎలక్ట్రానిక్ పరికరాలు బాగుచేసే పని. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "యాది మర్చిన" అనేవాడు, మొహంలో నవ్వు లేకుండా. నేను చేసుకున్నాను గానీ నాది ఏడాది కూడా నిలవలేదు. మా ఆయన ఇంకొక మనిషితో కాపురం పెడితే, నేను పెట్టె సర్దుకుని పుట్టింటికి వచ్చేశాను. వచ్చిన దగ్గర్నుంచి ఇంటికి వచ్చిపోయేవాళ్ల పరామర్శలు. ఒక్కొక్కరికీ మొదటినుంచి చెప్పాలి, వాళ్లు ముక్కు మీద వేలేసుకోవాలి, నేను కళ్లు తుడుచుకోవాలి. ఒకరోజు చిన్నాయన వచ్చి అదంతా కాసేపు చూసి, "నా దగ్గరుంటది తియ్" అని బాపుతో ఒక్క మాట అని నన్ను కిషన్‌బాగ్ తీసుకొచ్చాడు. ఎనభైల మధ్య సంవత్సరాలు అవి. రెండు గదులు, ముందు అరుగు, వెనక గోడకు అవతల పాలవాళ్ల బర్రెల కొట్టం. తెల్లవారుజామున జూపార్కులో సింహం గర్జించేది. దానికి జవాబన్నట్టు మా గోడ వెనక బర్రెలు అరిచేవి. కొత్తలో భయపడ్డాను, తర్వాత అదే నాకు అలారం గడియారమైంది. ఇద్దరు ఒంటరివాళ్లు ఒక ఇంట్లో ఉంటే ఆ బాధ ఎంతో కొంత తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఆయనది ఆయనకు, నాది నాకు. అన్నం దగ్గర "ఉప్పు సరిపోయిందా" అని నేను, "సరిపోయింది" అని ఆయన. అంతటితో ఆ పూట మాటలు అయిపోయేవి.

మా ఇంట్లో గట్టిగా చప్పుడు చేసేది ఒకటే వస్తువు, చిన్నాయన కంప్యూటరు. కర్మాగారం వాళ్లు తుక్కు కింద తీసేస్తే కొనుక్కొచ్చాడు. పెద్ద ట్రంకుపెట్టె అంత ఉండేది. నల్లటి తెర మీద పచ్చ అక్షరాలు, దోశంత వెడల్పు ఫ్లాపీలు పెట్టుకునే రెండు అరలు, లోపల గిర్రున తిరిగే ఫ్యాను. దాని మెమరీ చిప్పుల్లో సగం కాలిపోయాయి. అలాంటివి బజారులో దొరికేవి కావు. మిగిలిన సగంలో ఒక సన్నపాటి కథల పుస్తకం పడితే పట్టినట్టు. కంప్యూటరుకు మన మాట అర్థం కావాలంటే సిస్టమ్ అనే మొదటి ప్రోగ్రాము ఫ్లాపీ నుంచి మెమరీలోకి వచ్చి కూర్చోవాలి, ఆ తర్వాతే ఏ పనైనా. కంపెనీ ఇచ్చిన సిస్టమ్ వచ్చి కూర్చుంటే ఇంకదేనికీ చోటు మిగిలేది కాదు. పెళ్లి బస్సులో బ్యాండువాళ్లే ముందెక్కి సీట్లన్నీ పట్టుకుంటే పెళ్లివాళ్లు నిలబడ్డట్టు ఉండేది దాని వ్యవహారం. ఇంకొకరైతే ఆ పెట్టెను అవతల పారేసేవారు. చిన్నాయన సిస్టమ్‌ను చిన్నది చేద్దామని పట్టుబట్టాడు. ఇది ఆయన ఒక్కడి వల్ల అయ్యేది కాదు, భాయ్ తోడున్నాడు కాబట్టి అయింది.

భాయ్ కర్మాగారంలో ఆయన పక్క బెంచీ మీద పనిచేసేవాడు. ఇల్లు లాడ్ బజార్ వెనక సందులో. భార్య ఇంట్లోనే లక్కగాజులకు రాళ్లు అద్దేది. ఆయన చొక్కాకు ఎప్పుడూ కాగిన లక్క వాసన వచ్చేది. చిన్నాయన ఆయన్ను భాయ్ అనేవాడు, ఆయనా చిన్నాయనను భాయ్ అనే పిలిచేవాడు. వంటింట్లోంచి వింటే ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో తెలిసేది కాదు. ఆదివారం పొద్దున్నే సైకిలు మీద వచ్చేవాడు. ఇక ఇద్దరూ ఆ పెట్టె ముందు కూర్చుని సిస్టమ్‌లో ఏది తీసేయాలా అని వెతికేవాళ్లు. ముందుగా అందులోని ఇంగ్లీషు మర్యాదలన్నీ పీకేశారు. దయచేసి ఇది పెట్టండి, దయచేసి అది నొక్కండి, ఇవన్నీ పోయాయి. తర్వాత తాము వాడని పనులన్నీ తీసేశారు. చిన్నాయన ఇంట్లో ఆరు మాటలు ఆరు రోజులకు వాడే మనిషి, ఆదివారం మాత్రం నోరు మూసేవాడు కాదు. నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఆ ఆదివారాల్లో నేను కూడా గడప మీద కూర్చుని వినేదాన్ని.

వాళ్లిద్దరికీ పెద్ద లొల్లి ఒక్కటే జరిగింది. మనం ఏదైనా తప్పు కొడితే కంప్యూటరు ఏమనాలి అన్నదాని మీద. కంపెనీవాళ్లు దానికి ఇంత పొడుగు వాక్యం పెట్టారు. చిన్నాయన దాన్ని తీసేసి ఒక్క ప్రశ్నార్థకం చాలన్నాడు. భాయ్ ఒప్పుకోలేదు. "గల్తీ కరే సో ఆద్మీకో ఖాలీ నిషాన్ దిఖాతే? నక్కో మియా" అన్నాడు. నా వైపు తిరిగి, "తప్పు చేసినోన్ని ఏమైంది అని అడగాలె గద బేటీ? ఇంట్లోళ్లు గిట్ల చూసి మొకం తిప్పుకుంటరా?" అన్నాడు. ఆయనకు అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో 'క్యా భాయ్' అని రావాలి. మధ్యలో ఖాళీతో కలిపి ఎనిమిది అక్షరాల చోటు. "ఎనిమిదా? ఒక్కొక్క అక్షరం కోసం నేను పానం ఇడుస్తుంటే నువ్వు ఎనిమిది పెడ్తా అంటవా?" అని చిన్నాయన ఎగిరాడు. నేను రెండోసారి చాయ్ పెట్టినా తేలలేదు. భాయ్ సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ వారంలో ఒకరోజు చిన్నాయన కూర్చుని, కంప్యూటరు మొదలవగానే తెర మీద తన పేరు వచ్చేలా ఎప్పుడో పెట్టుకున్న ముక్కను తీసేశాడు. మళ్లీ ఆదివారం భాయ్ రాగానే, "చోటుంది, పెట్టుకో" అన్నాడు. ఎక్కడిది అని భాయ్ అడగలేదు. కూర్చుని ఆ ఎనిమిదీ, అవి ఎప్పుడు రావాలో చెప్పే ముక్కా తన వేళ్లతో నేరుగా మెమరీలోకి ఎక్కించాడు. కాగితం మీద రాసుకునే అలవాటు ఆయనకు లేదు. దాన్ని ఫ్లాపీ మీదకు దించి, రెండో ఫ్లాపీ మీద ఒక నకలు తీసిపెట్టారు. మాకున్నవి ఆ రెండే. వెళ్తూ వెళ్తూ, "మూడోది ఖాళీది తయారుజేసి ఇంట్ల పెట్టిన, ఆదివారం తెస్త" అన్నాడు.

ఆ ఆదివారం ఆయన రాలేదు. గుండె ఆగిపోయింది. చిన్నాయన జనాజాకు వెళ్లి భుజం పట్టి వచ్చాడు, వచ్చి స్నానం చేసి పడుకున్నాడు. ఆ తర్వాత ఆ ఇంటికి మళ్లీ వెళ్లలేదు. నలభయ్యో రోజుకు కబురొచ్చినా వెళ్లలేదు. "పోయి భాభీతోని ఏం మాట్లాడాలె బిడ్డా?" అని నన్నే అడిగాడు. నాకు పరామర్శలంటే ఎంత వెగటో ఆయనకు తెలుసు కాబట్టి నా దగ్గర జవాబు ఉండదని తెలిసే అడిగి ఉంటాడు. ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో ఒక విషయం గమనించాను. కీల మీద చిన్నాయన వేలు ఎప్పుడూ తప్పు పడదు. అలాంటిది సాయంత్రాలు వరసగా తప్పులు కొట్టేవాడు. అర్థం లేని అక్షరాలు నాలుగు కొట్టడం, తెర మీద 'క్యా భాయ్' రావడం, చూస్తూ కూర్చోవడం, మళ్లీ కొట్టడం. చూపు తగ్గిందేమో అనుకున్నాను మొదట్లో, కళ్లు చూపించుకొమ్మని కూడా చెప్పాను. అసలు సంగతి అర్థమైన రోజు నాకు ఏడుపొచ్చింది. జాలితో మాత్రమే కాదు. ఏమైంది అని అడిగించుకోవడానికి పక్క గదిలో నేను ఉన్నాను కదా, ఆ పెట్టె ఎందుకు అనిపించింది. కానీ నేను ఎన్నడూ అడగలేదు, ఆయన నన్నూ అడగలేదు.

ఆ ఏడు దసరా వచ్చింది. కర్మాగారంలో పనిచేసేవాళ్లకు ఆయుధపూజ అంటే ఎంత నిష్ఠో ఆ ఇళ్లలో పెరిగినవాళ్లకే తెలుస్తుంది. ఇంట్లో ఉన్న ప్రతి పనిముట్టూ అమ్మవారి ముందుకు రావాలి. ఒక్క పట్టకారును మర్చిపోయినా అది అలుగుతుందని చిన్నాయన నమ్మకం. టెస్టరు, సోల్డరింగు కడ్డీ, స్క్రూడ్రైవర్లు, సైకిలు పంపు అన్నీ పళ్లెంలో పెట్టాడు. కంప్యూటరు అరలోంచి ఒక ఫ్లాపీని, బీరువాలోంచి దాని నకలును తీసి వాటినీ పెట్టాడు. ఎంతో జాగ్రత్తగా దాచే రెండో ఫ్లాపీని లోపలే ఉండనివ్వొచ్చు కదా అని నేనంటే, "ఒక్కదాన్ని పెట్టి ఒక్కదాన్ని పెట్టకుంటే ఎట్ల?" అన్నాడు. కంప్యూటరును మాత్రం ఆపలేదు. తప్పు ఒకటి కొట్టి, తెర మీద 'క్యా భాయ్' పచ్చగా వెలుగుతుండగా వదిలేశాడు. కర్మాగారం పూజలో ఏటా కొబ్బరికాయ కొట్టేది భాయే, ఆయన చెయ్యి వాటంగా పడుతుందని అందరి నమ్మకం. అందుకని ఆయన కూడా ఇంట్లో ఉన్నట్టుంటుందని చిన్నాయన అనుకున్నాడని నాకు అర్థమైంది.

కొబ్బరికాయ కొట్టడానికి చిన్నాయన వాకిట్లోకి వెళ్లాడు. నేను వంటింట్లో నైవేద్యం దించుతున్నాను. గోడ వెనక పాలత్త సాయానికి వచ్చింది. పాలు పోసే మనిషి కాబట్టి పాలత్త, మాకు చుట్టరికమేమీ లేదు, చుట్టాల కంటే ఎక్కువ. తడి పసుపు, కుంకుమ పట్టుకుని పళ్లెంలోని ప్రతిదానికీ భక్తిగా బొట్లు పెడుతూ వచ్చింది. ఫ్లాపీలకు పైన నల్లటి కవరు, దాని మధ్యలో లోపలి గోధుమరంగు బిళ్ల కనిపించేలా ఒక సందు ఉంటుంది. ఆ బిళ్ల మీద వేలు కూడా తగలకూడదు. పాలత్త ఆ సందులోనే నిండుగా, రెండింటికీ పెట్టింది. "నల్లదాని మీద ఆనుతలేదు బిడ్డా, నడిమిట్ల మంచిగ అంటింది" అని నాకు చూపించింది. కొబ్బరి చెక్కలతో లోపలికి వచ్చిన చిన్నాయన అది చూశాడు. హారతి ఇచ్చాడు, ఆమెకు ప్రసాదం పెట్టి, గేటు దాకా వెళ్లి సాగనంపాడు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటి దాకా కదపకూడదు. ఆయన ఆ క్షణమే రెండు ఫ్లాపీలూ తీసి, దూది స్పిరిట్‌లో ముంచి తుడవడం మొదలుపెట్టాడు. తుడిచినకొద్దీ పసుపు ఇంకా లోపలికి పాకింది, బిళ్ల మీద గీతలు పడ్డాయి. దూది కింద పెట్టేసి నేల మీద చతికిలపడ్డాడు.

"ఇప్పుడు సిస్టమ్ లోపలనే ఉన్నది బిడ్డా, మెమరీల. కరెంటున్నంత సేపు ఉంటది" అన్నాడు. ఇంకొక ఖాళీ ఫ్లాపీ రెండో అరలో పెడితే లోపల ఉన్నదాన్ని దాని మీదకు దించుకోవచ్చట. కరెంటు పోతే మాత్రం అంతా తుడుచుకుపోతుంది. మిగతాదంతా తను మళ్లీ చేసుకోగలడు, భాయ్ చేత్తో పెట్టింది ఇంకెక్కడా లేదు. పండుగకు కర్మాగారం మూసేశారు. ఖాళీ ఫ్లాపీ ఉన్నది భాయ్ ఇంట్లోనే అని ఇద్దరికీ తెలుసు. ఆయన దాని పేరు ఎత్తడం లేదు. నేనే ఎత్తాను. "నువ్వు పోయి తెస్తవా?" అన్నాడు తల దించుకుని. "నేనెవరో కూడ ఎర్క లేదు ఆమెకు. నువ్వే పోవాలె చిన్నాయనా" అన్నాను. "ఏడాది సంది మొకం సూపెట్టలే. ఇయ్యాల పోయి వస్తువు ఇయ్యమని అడగాల్నా?" అన్నాడు. నేను చొక్కా తెచ్చి చేతికిచ్చాను. వేసుకున్నాడు. గేటు దగ్గర సైకిలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "ఏం ముట్టకు, ఎవ్వరిని ముట్టనియ్యకు. పండుగ పూట కరెంటు తియ్యరు, ఫికర్ చెయ్యకు" అని నాకు ధైర్యం చెప్పి వెళ్లాడు.

తలుపు వేసుకుని ఆ పెట్టె ముందు కుర్చీలో కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతోంది. అగరొత్తి పొగ తెర ముందు నుంచి మెల్లగా పోతోంది. భాయ్‌ను నేను చూసింది కొన్ని ఆదివారాలే, నాతో ఆయన మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆ మధ్యాహ్నం ఆ పచ్చ అక్షరాల ముందు కూర్చుంటే ఏమైంది అని నన్నే అడుగుతున్నట్టుంది. నా పెళ్లి సంగతంతా దానికి చెప్పుకున్నాను. పైకే చెప్పాను. ఎవరూ ముక్కు మీద వేలేసుకోలేదు. సందు మొగలో అమ్మవారి మండపం దగ్గర కుర్రాళ్లు మైకు సెట్టు పెడుతున్నారు, హలో హలో అని వినిపిస్తోంది. ఎవరో తీగ తీసుకెళ్లి స్తంభానికి తగిలించారు. టప్పుమని ఒక చప్పుడు. ఫ్యాను ఆగింది, తెర మధ్యలోకి ముడుచుకుని నల్లబడింది. బయట "అరే ఫ్యూజ్ కొట్టేసింది, జల్దీ చూడు" అని అరుపులు. ఎంతోసేపు పట్టలేదు, చాయ్ తాగినంతలో కరెంటు వచ్చేసింది. కంప్యూటరు మళ్లీ లేచింది. ఫ్లాపీ పెట్టమని పైమూలన ఒక గీత మిణుకు మిణుకుమంటోంది. లేచి వెళ్లి తలుపు తీసి అరుగు మీద నిలబడ్డాను.

చిన్నాయన గంట కొట్టుకుంటూ వచ్చాడు. మా గేటు దగ్గర ఆయన సైకిలు గంట కొట్టడం ఎన్నడూ వినలేదు. ఫ్లాపీని చొక్కా లోపల గుండెకు ఆనించి పెట్టుకున్నాడు, హ్యాండిలుకు స్టీలు డబ్బా వేలాడుతోంది. "భాభీ మస్తు తిట్టింది బిడ్డా. చాయ్ తాగేదాక తిడ్తనే ఉన్నది. దోస్తు పోతే ఇల్లు కూడ పోయినట్టేనా అన్నది. కద్దూకీ ఖీర్ పెట్టింది, గదే సొరకాయ పాయసం, నీకు కూడ పంపింది" అంటూ చెప్పులు విడుస్తున్నాడు. ఏడాదిలో ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు అనడం అదే మొదలు. నా మొహం చూసి ఆగిపోయాడు. "పోయిందా?" అన్నాడు. పోయిందన్నాను. లోపలికి వెళ్లి ఆ మిణుకుమనే గీతను చూశాడు. కుర్చీలో కూర్చుని ఫ్లాపీ ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. జనాజా రోజు కూడా ఏడవని మనిషి. ఏం చేయాలో తెలియక వెళ్లి పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేశాను, "ఏమైంది చిన్నాయనా" అని అడిగాను. ఏమైందో నాకు తెలుసు, అయినా అడిగాను. ఆయన చెప్పాడు. భాయ్ గురించి, కర్మాగారంలో చేరిన తొలి రోజుల గురించి చాలా చెప్పాడు. ఇంతలో పాలత్త సాయంత్రం పాలు తెచ్చి, ఎర్రబడ్డ కళ్లు చూసి ఏమైందని కంగారుపడింది. "ఏం లేదక్కా, పొగ తగిలింది. పూజ మంచిగైంది" అన్నాడు. ఆమె సంతోషంగా వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా ఆమెకు ఎవరం చెప్పలేదు.

కర్మాగారం తెరిచాక కంపెనీ సిస్టమ్‌ను ఆ ఖాళీ ఫ్లాపీ మీదకు తెచ్చుకుని దాన్ని మళ్లీ చిన్నది చేయడం ఎండాకాలం దాకా సాగింది. ఈసారి పక్కన కూర్చున్నది నేను. ఆ తర్వాత నా బతుకుతెరువు కూడా కంప్యూటర్ల పనే అయింది. ఆదివారాలు మాత్రం చిన్నాయన పని పెట్టుకునేవాడు కాదు, లాడ్ బజార్ వెనక ఇంటికి వెళ్లి తిట్లు తిని వచ్చేవాడు. అంతా పూర్తయిన రోజు నేను ఊరికే ఒక తప్పు కొట్టి చూశాను. తెర ఏమీ అనలేదు, గీత కింది వరసలోకి జరిగి ఊరుకుంది. చూస్తే ఆ ఎనిమిది అక్షరాల చోటు అలాగే ఖాళీగా వదిలేసి ఉంది. ఒక్కొక్క అక్షరానికి ప్రాణం విడిచే మనిషి. "చోటుంది కదా, నేను పెట్టాల్నా?" అన్నాను. చిన్నాయన వద్దన్నాడు. "అక్షరాలు పెట్టొచ్చు బిడ్డా. మనం పెడితే మనకు మనమే అనుకున్నట్టైతది. ఆయన అడిగినట్టు అయితదా?" అన్నాడు.

అప్పట్లో నాకు అది ఆయన మొండితనంగా తోచింది. ఇప్పుడు చిన్నాయనా లేడు, నన్ను బిడ్డా అని పిలిచేవాళ్లు ఎవరూ లేరు. ఈమధ్య ఒక మధ్యాహ్నం వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి ఆ పిలుపు నేనే పైకి అని చూశాను. అక్షరాలన్నీ సరిగ్గానే పలికాయి. ఇన్నేళ్ల కాలం నా దగ్గర్నుంచి తీసుకుపోయింది వాటిని కాదు.